ఉత్తరపు ట్రేలో హనోయ్

మా అన్నని నేను ఇనప చట్రంతో కొట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. నుదురు చీరుకుపోయింది, ఎడమ చెయ్యి విరిగింది. ఇంతకీ గొడవ దేని మీదనుకున్నారు? పొలం హద్దు మీదా కాదు, పెళ్ళి సంబంధం మీదా కాదు. వియత్నాం టూరులో హనోయ్ చూడాలా, హో చి మిన్ సిటీ చూడాలా అన్న దాని మీద. నవ్వొస్తే నవ్వండి. మా వాకాడు వైపు వాళ్ళు ఏడాదిగా నవ్వుతూనే ఉన్నారు.

నాకు ముక్కు మీదే కోపం. కాదనను. కానీ అదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మా ఇంట్లో ఏం వచ్చినా ముందు చెయ్యే లేచేది, తర్వాతే నోరు. మా నాయన మా అన్నని మోకుతో కొట్టేవాడు. మా అన్న చేతికి ఏది దొరికితే దాంతో నన్ను కొట్టేవాడు. నాకు కొట్టడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు కాబట్టి నేను పోయి దూడని కొట్టేదాన్ని. అది నోరులేని జీవం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంటర్ అయ్యాక కావలిలో డిగ్రీ చదువుతానన్నాను. నాయన సరేనన్నాడు. అన్న వద్దన్నాడు. ఆడపిల్ల హాస్టల్లో ఉండటం ఏందన్నాడు. నీదేం పోయిందన్నాను నేను. అంతే, జడ పట్టుకుని వసారా నుంచి వాకిట్లోకి ఈడ్చుకొచ్చి సైకిలు పంపుతో వీపు మీద వాయించాడు. పంపు వంగిపోయింది. నిజంగానే వంగింది, తర్వాత దాంతో గాలి కొట్టడానికి లేకుండా పోయింది. మర్నాడు పొద్దున్నే తనే నెల్లూరు పోయి దెబ్బలకు రాసుకునే మందూ, పావుకిలో మలైకాజాలూ తెచ్చి నా పక్కన పెట్టాడు. "తినవే పాపా," అన్నాడు. నేను తిన్నాను. కావలి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ కాజాలు తిన్నందుకు నా మీద నాకున్న కోపం, ఆయన కొట్టినందుకు ఆయన మీద ఉన్న కోపం కన్నా ఎక్కువ.

చెడ్డవాడా అంటే కాదు. నా పెళ్ళి తనే చేశాడు. మా ఆయన గుండెపోటుతో పోతే, మూడో వారమే వచ్చి నన్ను పుట్టింటికి తీసుకొచ్చాడు. నాయన పోయేముందు మాకున్న నాలుగు రొయ్యల గుంటల్నీ చెరి రెండు రాసిచ్చాడు, దానికీ అన్న అడ్డం చెప్పలేదు. కాగితం మీద నావి నావే. గట్టు మీద మాత్రం అంతా ఆయనదే. నా గుంటల్లో ఏ రొయ్యపిల్ల వదలాలో ఆయన చెప్తాడు. ఎప్పుడు పట్టుబడి చేసి రొయ్యలు అమ్మాలో ఆయన చెప్తాడు. పద్నాలుగేళ్ళుగా ఆ గట్ల మీద ఎండలో తిరిగి నల్లబడింది నేను. నీళ్ళ రంగు చూసి రొయ్యకి ఏం తక్కువైందో చెప్పగలను. నోరు తెరిస్తే చాలు, "నీకేం తెల్సు పాపా, నువ్వూరుకో," అంటాడు. నాకు యాభై రెండేళ్ళు. పాపా!

పోయిన ఏడు వానల ముందు ఒక పొద్దున మేత డీలరు మా ఇంటికి వచ్చాడు. మేత బాగా తీసుకున్న రైతులని కంపెనీ వియత్నాం తీసుకుపోతోందట, మా ఖాతాకి మూడు సీట్లు వచ్చాయట. అన్నకి, వదినకి, నాకు. జనవరిలో, గుంటలు ఎండబెట్టే రోజుల్లో ప్రయాణం. "రెండు బ్యాచ్‌లుండాయి. ఒకటి హనోయ్ పోతాది, ఒకటి హో చి మిన్ పోతాది, అదే పాత సైగాన్. ఏదో ఒకటే. ముగ్గురూ ఒకే బ్యాచ్‌లో రావాల," అని రంగుల కాగితాలు రెండు బల్ల మీద పెట్టిపోయాడు.

మా ముగ్గురిలో ఎవరమూ విమానం ఎక్కినవాళ్ళం కాదు. నేను హనోయ్ కాగితం తీసుకున్నాను. అందులో ఒక చెరువు, చెరువు గట్టున సైకిలు మీద పూలమ్మే ఆడమనిషి. మెడ దాకా కోటు తొడుక్కుంది. నోట్లోంచి పొగ వస్తోంది. చలి! పట్టపగలు చలి! మా సముద్రపు ఒడ్డున చలి అంటే తెల్లారుజామున దుప్పటి కాళ్ళ మీదికి లాక్కునేంత. తొమ్మిది గంటలకల్లా మళ్ళీ చెమట. పుట్టినప్పటి నుంచి నా ఒళ్ళు ఆరింది లేదు. ఒక్కసారి పగటిపూట స్వెటర్ వేసుకుని నడవాలి, నా నోట్లోంచి పొగ రావాలి. ఇదీ కోరిక. చిన్నదే. చిన్నదైనా నాది.

"హనోయ్ పోదాం," అన్నాను.

అన్న రెండో కాగితం తిప్పి కూడా చూడలేదు. "సైగాన్. ఆడ నుంచి రొయ్యల గుంటలు చూపించేదానికి తీసకపోతారంట. అడుగున టార్పాలిన్ వేసి ఎట్టా పెంచతారో చూసొస్తాం."

"ఏంది? ఇంత దూరం పోయి మళ్ళీ రొయ్యలేనా? ఈడ చూసింది చాల్లేదా నీకు?"

"నీకేం తెల్సు పాపా, నువ్వూరుకో."

వదిన నెమ్మదస్తురాలు, కానీ మాట కత్తెరలా పడుతుంది. "నన్ను యాడికి తీసకపోయినా సరే, పొయ్యి దగ్గిరికి మాత్రం తీసకపోబాకండి," అని లోపలికి పోయింది.

పది రోజులు ఇల్లు ఇల్లుగా లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన అన్నం కంచం విసిరికొట్టాడు. నేను ఊరుకున్నానా? చేపల పులుసు గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాను. ఆ మరక మీద రెండుసార్లు సున్నం వేసినా లోపలి నుంచి ఎర్రగా కనిపిస్తూనే ఉంది. ఇంకోరోజు ఆయన నా హనోయ్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు, నేను ఆయన కళ్ళజోడు కాలికింద వేసి తొక్కాను. వదిన చీపురు తెచ్చి మా ఇద్దరి మధ్యనా ఊడ్చుకుంటూ పోయింది. మేమిద్దరం ముసలితనం దగ్గరపడుతున్న మనుషులం, చూడండి మా వరస.

డీలరు ఊరి పేరు చెప్పమని ఫోను మీద ఫోను. చివరికి నేనే అన్నాను. "నీ మాటా వద్దు, నా మాటా వద్దు. రొయ్యల్ని అడుగుదాం. రెండు చెక్ ట్రేలు దించుదాం. ఏ ట్రే ముందు ఖాళీ అయితే ఆ ఊరికి పోదాం."

రొయ్యలు పెంచని వాళ్ళ కోసం చెప్తాను. చెక్ ట్రే అంటే ఇనప చువ్వతో చేసిన చదరపు చట్రం, దానికి బిగించిన సన్నటి వల. అందులో కాస్త మేత వేసి, గుంటలోకి కట్టిన చెక్క బల్ల మీద నడిచివెళ్ళి తాడుతో నీళ్ళ అడుక్కి దించుతాం. రెండు గంటలాగి పైకి లాగితే రొయ్య ఎంత తిన్నదీ, ఎంత వదిలిందీ తెలుస్తుంది. రొయ్యకి ఆకలుందా, జబ్బు చేసిందా, రేపు ఎంత మేత వెయ్యాలి, అన్నీ ఆ ట్రేయే చెప్తుంది. మా బతుకంతా దాని మాట మీదే నడుస్తుంది. అందుకే అన్న నవ్వి సరేనన్నాడు. ఇంత పిచ్చి ఆలోచన మా గట్ల మీద తప్ప ఎక్కడా పుట్టదు.

నా వాటాకొచ్చిన మూడో నంబరు గుంటలో పెట్టుకున్నాం. ఉత్తరాన ఒక బల్ల, దక్షిణాన ఒక బల్ల. అన్న చాలా మర్యాదగా అన్నాడు. "మ్యాపులో హనోయ్ పైన ఉండాది, సైగాన్ కింద ఉండాది. ఉత్తరం ట్రే నీది, దక్షిణం ట్రే నాది." న్యాయంగానే ఉందనిపించింది, ఒప్పుకున్నాను.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. ఆ గుంటకి ఏరియేటర్లు, అంటే నీళ్ళని చిలికి గాలి పట్టించే చక్రాలు, దక్షిణం వైపున్నాయి. వాటి తోపుకి కుళ్ళు మేతా, పెంటా, నల్ల బురదా అంతా కొట్టుకుపోయి ఉత్తరం మూల చేరుతుంది. ఆ మూలకి రొయ్య ఎక్కువ రాదు. ఆ సంగతి నాకు తెలియదా? ఉత్తరం బల్ల జరపమని ఆయన్ని ఏడాదిగా పోరుతున్నదే నేను! గుంట నాది, బురద నాది, అయినా ఆ పూట నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదో కూడా చెప్తాను. నా బుర్ర నా సొంత దొంగతనంలో ఉంది.

రెండు ట్రేలకీ మేత కొలిచే పని నాకిచ్చారు. రెండు చెంబుల్లో సమానంగా పోశాను, అందరికీ చూపించాను. ఉత్తరం బల్ల మీదికి పోయేటప్పుడు అటు తిరిగి, చెంబులో ముప్పాతిక భాగం కొంగులో పోసుకుని ముడేశాను. మిగిలిన గుప్పెడే ట్రేలో వేసి దించాను. కొంచెం వేస్తే తొందరగా అయిపోతుంది కదా. ఆయన బురద నమ్ముకున్నాడు, నేను కొంగు నమ్ముకున్నాను. ఒక తల్లి పిల్లలమని వేరే చెప్పాలా?

రెండు గంటలు గట్టు మీదే కూర్చున్నాం. సంగతి తెలిసి పక్క గుంటల రైతులు నలుగురైదుగురు వచ్చారు. మా గుంట చూసుకునే పనాయన, ఆయన భార్య కూడా వచ్చి నిలబడ్డారు. "అక్కా, హనోయ్‌లో పాములు తింటారంట," అన్నాడొకడు. "నిన్ను తినకుండా ఉంటే చాల్లే," అన్నాను. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు.

ముందు ఉత్తరం ట్రే లాగాం. కడిగినట్టుంది. ఒక్క గింజ లేదు. అన్న మొహంలో నవ్వు పోయింది. గట్టు చుట్టి దక్షిణం బల్ల మీదికి నడిచాడు. నేను వెనకే పోయి నా చేతులతోనే తాడు లాగాను. ట్రేలో రొయ్యలు టపటప ఎగిరిపడుతున్నాయి, వాటి మధ్య ఇంకా మేత మిగిలి ఉంది.

"హనోయ్!" అని అరిచాను. గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఎట్టా అయిపోతాది? ఆ మూలకి రొయ్య రాదే!" అన్నాడు అన్న. నోరు జారాడు.

"ఓహో! రాదని తెలిసే నాకు ఆ మూల అంటగట్టినావా? మ్యాపు చూపించి మోసం చేసినావే! ఛీ, నువ్వొక అన్నవా?"

ఆయన కళ్ళు నా నడుము దగ్గర ఆగాయి. చెయ్యి చాపి కొంగు ముడి పట్టుకుని గుంజాడు. మేత గింజలన్నీ బల్ల మీద జలజలా రాలాయి.

ఆ తర్వాత ఆయన నన్ను కొట్టాడు. అరచేత్తో, చెంప మీద, ఒళ్ళంతా విసిరి. చెవిలో గుయ్యిమంది. మోకాళ్ళ మీద పడ్డాను. నోట్లో ఉప్పగా తగిలింది, పెదవి పగిలింది. "దొంగముండా," అన్నాడు. గట్టు మీద నలుగురైదుగురు మగవాళ్ళు, పనాయన, పనాయన భార్య. చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఆగిపోయాయి. ఒక్కరూ "అదేంది" అనలేదు. అన్న చెల్లెల్ని కొట్టుకుంటే ఎవరేమంటారు!

ఇంతకుముందు ఎన్ని తినలేదు నేను? కానీ ఆ రోజు నా చేతిలో ట్రే ఉంది.

లేచి, రెండు చేతులా చట్రం పట్టుకుని తిప్పి కొట్టాను. మూల పోయి ఆయన నుదుటికి తగిలింది. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడు. ఎడమ కనుబొమ మీద తోలు విడిపోయి తెల్లగా ఎముక కనిపించింది, మరుక్షణం అంతా రక్తం. ఆయన నన్ను చూశాడు. కోపంగా కాదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అక్కడితో ఆపి ఉండొచ్చు. ఆపలేదు. మొదటిది కోపం మీద కొట్టాను, రెండోది తెలిసే కొట్టాను. మెడకీ భుజానికీ మధ్య పడింది.

వెనక్కి తూలి బల్ల మీంచి గుంటలో పడ్డాడు. పక్కనే ఏరియేటర్ తిరుగుతోంది. పడుతూ పడుతూ దాన్ని పట్టుకోబోయాడు. చక్రం రెక్కలు ఆయన ఎడమ ముంజేతిని లోపలికి గుంజుకుని దబదబా బాదాయి. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మోటారు హోరులో కూడా వినిపించింది. ఎండిన కంప విరిగినట్టుంది. ఆయన అరుపు మాత్రం ఊరి దాకా వినపడిందన్నారు.

"స్విచ్చి తియ్యండ్రా! స్విచ్చి!" అని నేనే అరిచాను. పనాయన పరిగెత్తి మెయిన్ ఆపాడు. నేను దూకాను. నడుము లోతు నీళ్ళు, పిక్కల దాకా బురద. చొక్కా కాలరు పట్టుకుని లాగుతూనే తిడుతున్నాను. "లెయ్యి, లెయ్యిరా నా సామీ, నీ సైగాన్ తగలబడా, లెయ్యి." అన్నని "రా" అని పిలిచింది ఆ ఒక్కసారే. ఆకుపచ్చ నీళ్ళలో రక్తం తీగలు తీగలుగా సాగింది. మోటార్లు ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో రొయ్యలు వచ్చి దాని చుట్టూ మూగడం చూశాను. మేతనుకున్నాయి కాబోలు. ఆయన చంకల కింద చేతులేసి గట్టు మీదికి ఈడ్చాను.

కారులో గూడూరు తీసుకుపోయాం. ఇంటి దగ్గర ఎక్కిన వదిన ఆయన తల ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు అదిమి పట్టుకుంది. సగం దారిలో నా వైపు చూసి, "అది ఇంకా చేతిలోనే ఉండాదే. పారెయ్," అంది. చూసుకుంటే ట్రే నా కాళ్ళ మీదే ఉంది. ఎప్పుడు మళ్ళీ పట్టుకున్నానో, కారులోకి ఎట్లా తెచ్చానో తెలియదు. అద్దం దించి రోడ్డు పక్క తుప్పల్లోకి విసిరాను.

డాక్టరు కుట్లు వేస్తూ ఎట్లా జరిగిందని అడిగాడు.

"జారి ఏరియేటర్ మీద పడినా సార్," అన్నాడు అన్న.

"కాదు సార్. నేనే కొట్టినాను. రెండు దెబ్బలు. ఆ తర్వాత పడినాడు," అన్నాను.

డాక్టరు సూది ఆపి నా పగిలిన పెదవి చూశాడు. "దానికి మతి లేదు సార్," అన్నాడు అన్న కళ్ళు మూసుకునే. "జారి పడినానని రాసుకోండి." డాక్టరు అట్లాగే రాసుకున్నాడు. నాకు పోలీసు కేసు కాకుండా కాపాడాడని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా పెళ్ళి, నా చదువు, నా గుంటలు సరే, చివరికి నేను కొట్టిన దెబ్బ కూడా నాది కాకుండా చేశాడే!

నెలన్నర కట్టు. ఆ నెలన్నరా ఆయన నాతో మాట్లాడలేదు. కానీ నా గుంటల సంగతి ఒక్కటి కూడా ఎత్తలేదు. పనాయన నా దగ్గరకు వచ్చి తల గోక్కుంటూ, "అక్కా, పట్టుబడి ఎప్పుడో మీరే చెప్పాలంట. అన్న మిమ్మల్నే అడగమన్నాడు," అన్నాడు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పాడు. తేదీ నేను పెట్టాను. అమావాస్యకి రొయ్య పెంకు విడిచి మెత్తబడుతుంది, అందుకే దానికి రెండు రోజులు ముందు. అన్న గట్టు మీద నిలబడి చూశాడు, అవుననలేదు, కాదనలేదు.

తర్వాత డీలరు ఇంటికే వచ్చాడు, ఊరి పేరు ఆ రోజే చెప్పాలని. అన్న మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "పాపని అడుగు. దాని మాటే," అన్నాడు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, నా గుండె గంతులేసింది. ఈ మాట ఆయన నోట వినడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. వదిన వంటింట్లోకి లాక్కుపోయి చెవిలో అంది. "ఇప్పుడైనా సైగాన్ అనవే. ఆయన మనసు కుదటపడతాది." నేను అననన్నాను. అంత దెబ్బ కొట్టి ఇప్పుడు సైగాన్ అంటే, అది నేను ఆయనకి తెచ్చిపెట్టే మలైకాజాల పొట్లం అవుతుంది. బయటికి వచ్చి డీలరుతో హనోయ్ అని చెప్పాను.

జనవరిలో పోయాం. పొద్దున పదయింది, ఎండ లేదు, చెరువు మీద పొగమంచు తేలుతోంది. సైకిళ్ళ మీద పూలమ్మేవాళ్ళు నిజంగానే ఉన్నారు. నెల్లూరులో కొన్న మెరూన్ స్వెటర్ వేసుకుని గట్టున నిలబడి, "హా" అని నోరు తెరిచాను. పొగ వచ్చింది! మళ్ళీ హా అన్నాను. మళ్ళీ వచ్చింది. వదిన నన్ను చూసి పడీపడీ నవ్వింది, తనూ హా అంది. యాభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళం ఇద్దరం ఆ పరాయి ఊళ్ళో చిన్నపిల్లల్లా హా, హా అంటూ నిలబడ్డాం. అంత సంతోషం నాకు గుర్తున్నంతలో లేదు.

అన్న పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. మంకీ క్యాప్ పక్కకి జరిగిపోయి, నుదుటి మీద కుట్ల మచ్చ బయటపడింది. చలికి అది నీలంగా కమిలినట్టుంది. గాలి కొడుతోంది, నొప్పిగా ఉంటుందేమో అనిపించింది. దగ్గరికి పోయి, టోపీ కిందికి లాగుదామని చెయ్యి ఎత్తాను.

మా అన్న తల పక్కకి వంచి, విరిగి అతుక్కున్న ఆ ఎడమ చేతిని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆరడుగుల మనిషి, బెంచీ మీద చిన్నగా ముడుచుకుపోయాడు. వదిన నవ్వు ఆగిపోయింది.

"కొట్టన్లే అన్నా," అన్నాను. "టోపీ సర్దతా ఉండా, అంతే."

"తెలుసులే పాపా," అన్నాడు. చెయ్యి మాత్రం దించలేదు.